మర మనది, పండ్లచక్రమెవరిది?

సిరిసిల్ల పట్టణమున నొక చిన్న కార్ఖానాలో గడచిన వేసవియందు ఒక యంత్రము 41 దినములు కదలక మెదలక పడియుండెను. దాని యజమాని మా కక్షిదారుడు. ఒక బాకీ దావాకు సంబంధించిన కాగితములు పట్టుకొని యాతడు మా కచేరికి వచ్చెను. మాటల నడుమ, నూనెగుడ్డలో చుట్టిన యొక ఉక్కుచక్రమును సంచిలోనుండి తీసి మా బల్లపై నుంచెను. అరచేతిలో నిముడు చక్రము. చుట్టును 32 పండ్లుండవలెను, మూడు విరిగిపోయినవి. "వకీల్ సాబ్, కిస్తులు ఎందుకు తప్పినయని అడిగినరు గద. ఇగో, ఇందుకు" అనెను. ఇంతకంటె సూటియైన సంజాయిషీని మా వృత్తిలో మేమెన్నడును వినియుండలేదు.

ఆ చక్రము మిల్లింగు యంత్రములోనిది. మిల్లింగు యంత్రమనగానే జగిత్యాల చదువరికి వడ్లు పట్టు మిల్లు తలపునకు వచ్చును. అది వేరు, ఇది వేరు. లేతుమీద పని తిరుగును, ఉలి నిలిచియుండును. మిల్లింగు యంత్రమునందు పండ్లుగల ఉలియే చక్రమువలె తిరుగును. పని బల్లపై బిగింపబడి దాని క్రిందికి మెల్లమెల్లగా జరుగును. గుండ్రని వస్తువును చేయునది లేతు. చదునైన తలమును, గాడిని, పంటిని చేయునది మిల్లింగు యంత్రము. అమెరికాలో జోసెఫ్ బ్రౌన్ అను శిల్పి 1862 లో దీనికి అన్నిపనులకును పనికివచ్చు రూపము నొసగెను. ఇతర యంత్రముల భాగములను చేయు యంత్రము గనుక దీనిని మరలను కనిన మర యనిన తప్పుకాదు.

సిరిసిల్లలో నిట్టి యంత్రమున కేమి పని యని యడుగవచ్చును. సిరిసిల్ల సాంచాల పట్టణము. బొంబాయి, భివండి ప్రాంతములలో వాడి విడిచిన సాదా సాంచాలను కొనితెచ్చి నేతపనివారు ఇచట నెలకొల్పుకొనిరి. నేటికిని వేలకొలది సాంచాలు ఆ పట్టణమున నున్నవి. సాదా సాంచాలో పై యిరుసు ఒక చుట్టు తిరిగిన నొక పేకపోగు పడును. క్రింది యిరుసు రెండు పోగుల కొకసారి మాత్రమే తిరుగవలెను. ఈ లెక్కను తప్పకుండ కాపాడునవి రెండు పండ్లచక్రములు; ఒకదాని పండ్లకు రెట్టింపు పండ్లు రెండవదాని కుండును. నేసిన బట్టను చుట్టుకొను నేర్పాటులో మరియొక చక్రము కలదు. దానిని ఛేంజివీలు అందురు. దాని పండ్లసంఖ్యను మార్చిన అంగుళమునకు పడు పోగుల సంఖ్య మారును. దాని పన్ను అరిగిన బట్టలో చార పడును. చార పడిన బట్టకు ధర కోతపడును. ధర కోతపడిన నేతగాని కూలి తరుగును. ఒక పంటి యరుగుదల నేతగాని కంచమువరకు వచ్చు విధమిది.

అట్టి చక్రములను కోయు యంత్రమే మూలబడినది. వైద్యునికే జబ్బు చేసినట్లయినది. పైగా నిందొక చిక్కు కలదు. మిల్లింగు యంత్రములోని పండ్లచక్రము విరిగిన, దానిని మరల కోయుటకు మిల్లింగు యంత్రమే కావలెను!

ఆ యంత్రమును చేసినవారెవరో తెలుపు పలక ఏనాడో యూడిపోయినది. యజమాని ఒక మహానగరములోని యంత్రవర్తకునకు దాని చిత్రమును పంపెను. మూడు దినములకు జవాబు వచ్చెను: ఆ నమూనా ఆగిపోయి చిరకాలమైనదట, విడిభాగములు దొరకవట, పాతదానిని కిలోల లెక్కను తీసికొందురట, క్రొత్తదానిని ఇప్పింతురట, దానికి అప్పుకూడ వారే చూపింతురట. కిలోల లెక్క! ఇరువది యేండ్లు ఒక కుటుంబమునకు అన్నముపెట్టి, వందలాది సాంచాలకు ప్రాణముపోసిన యంత్రము మూడు పండ్లు విరిగినంతమాత్రమున తుక్కు అయినది. పండ్లూడిన ముదుసలిని కాటికి పంపుడని చెప్పు వైద్యుని మన మూళ్లలో నుండనిత్తుమా? యంత్రములకు మాత్ర మట్టి వైద్యులనే పిలిచి సలహా యడుగుచున్నాము.

తుద కేమయినది? జగిత్యాలలో బియ్యపు మిల్లుల మరమ్మతులు చేయుచు తల నెరసిన మిస్త్రీ యొకడు కలడని యెవరో చెప్పిరి. ఆతడు చక్రమును చేతబట్టి, పండ్లు లెక్కించి, వెర్నియరుతో వెలుపలి వ్యాసమును కొలిచెను. ఈ లెక్కను చదువరులు కొంచె మోపికతో వినవలెనని ప్రార్థించుచున్నాము. ఏలయన మా వాదమున కిదియే మూలము. లోకమున పండ్లచక్రములకు రెండు కొలత లున్నవి. మిల్లీమీటరువారిది మాడ్యూలు, అంగుళమువారిది డయామెట్రల్ పిచ్. 32 పండ్ల చక్రము 2.5 మాడ్యూలుదైన, పండ్లకు రెండు కలిపి 34 ను 2.5 చేత హెచ్చింపగా వ్యాసము 85 మిల్లీమీటర్లు కావలెను. అదే 10 పిచ్ చక్రమైన, 34 ను 10 చేత భాగింపగా 3.4 అంగుళములు, అనగా 86.36 మిల్లీమీటర్లు కావలెను. చూపునకు రెండును కవలపిల్లలు. 2.5 మాడ్యూలు కట్టరుతో కోసిన చక్రము పాతదాని స్థానమున కూర్చుండును. కొన్నాళ్లు రొదచేయుచు తిరుగును. పిదప తాను చెడుటయే గాక తన జతచక్రమునుగూడ చెరచును. అంతకుముందు ఒక దుకాణదారుడు ఆ కట్టరునే యజమాని చేతిలో పెట్టబోయెను. మిస్త్రీ వెర్నియరు 86 పైచిలుకు చూపెను. "ఇది అంగుళాల మర బిడ్డా, దీనికి మాడ్యూలు పనికిరాదు" అని యాతడు చెప్పిన యొక్కమాట ఆ యంత్రమును కాపాడెను.

చక్రమునకు కావలసిన ఉక్కుబిళ్లను జగిత్యాలలో లేతుపై చిలికిరి. పండ్లు కోయుటకు తగిన మిల్లింగు యంత్రము కోరుట్లలో నొక కార్ఖానాలో కనబడెను. కాని పనిని సమభాగములుగ త్రిప్పు డివైడింగు హెడ్డు వారికి లేదు. ఆ హెడ్డు సిరిసిల్లలో, మూలబడిన యంత్రముపైననే ఊరక కూర్చుండియుండెను! దానిని విప్పి సామానుల ఆటోలో వేములవాడ మీదుగా కోరుట్లకు చేర్చిరి. 10 పిచ్ కట్టరు, 26 మొదలు 34 పండ్లవరకు పనికివచ్చు నాలుగవ నంబరుది, సికిందరాబాదు రాణీగంజులో నొక పాతసామానుల దుకాణమున దొరకెను. డివైడింగు హెడ్డు పిడిని 40 చుట్లు త్రిప్పిన పని ఒక చుట్టు తిరుగును. 40 ని 32 చేత భాగింపగా పంటికి ఒకటింపావు చుట్టు. ఐదున్నర మిల్లీమీటర్లకు వెంట్రుకవాసి తక్కువ లోతు. అట్లు ముప్పదిరెండుమారులు త్రిప్పి, ముప్పదిరెండుమారులు కోసిరి. చక్రము సిద్ధమయ్యెను. అయిన వ్యయము క్రొత్త యంత్రపు వెలలో నూరవవంతుకూడ కాలేదు.

పని పట్టినది రెండు దినములు. తక్కిన 39 దినములు ఎవరియొద్ద ఏమున్నదో వెదకుటలో గడచినవి.

ఈ యంకెలను చదువరులు మరువకుందురు గాక. మనకు నేర్పు లేదనువారు ఆ రెండు దినములను చూడవలెను. మనకు కొరత యేమియు లేదనువారు ఆ 39 దినములను చూడవలెను. ఉక్కు జగిత్యాలలో, యంత్రము కోరుట్లలో, హెడ్డు సిరిసిల్లలో, ఉపాయము ఒక వృద్ధుని తలలో నుండెను. ఒండొంటికి ముప్పది నలువది మైళ్లలోపల నున్న మూడు పట్టణములు ఒకదాని యునికిని మరియొకటి యెరుగక యుండెను. ఏ గోడమీదను, ఏ పుస్తకమునందును, ఏ సర్కారు దఫ్తరునందును ఈ సంగతి వ్రాసి లేదు. ఆ వృద్ధుడు కన్నుమూసిన నాడు ఆ లెక్కయు నాతనితోనే పోవును.

ఆ 39 దినములలో మరియొక నష్టము జరిగినది. ఆ కార్ఖానాలో ఆరేండ్లుగ పని నేర్చిన యువకు డొకడు, కూలి లేక, దుబాయి వీసా దొరకినదని వెడలిపోయెను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో గల్ఫునకు మనిషిని పంపని వాడ యొక్కటియు లేదన్న నతిశయోక్తి కాదు. ఎడారిలో పరుల యంత్రములను బాగుచేయు చేతులు మన యిండ్లలో పుట్టిన చేతులే. చక్రము తిరిగివచ్చినది, ఆ యువకుడు తిరిగిరాలేదు. అట్టి చక్రమును మరల కోయించుకొనవచ్చును; ఆరేండ్ల పనితనమును ఏ కట్టరుతో కోయింతుము?

ఇది యొక కార్ఖానాదారుని కష్టము మాత్రమే కాదు, జాతి విషయము. 1905 లో వంగవిభజనతో స్వదేశీవ్రతము దేశమంతట ప్రాకినది. 1907 లో బిపిన్ చంద్రపాలుడు ఆంధ్రదేశమున పర్యటించి ఆ మంత్రమును మనవారి కుపదేశించెను. 1921 లో విదేశవస్త్రములను వీథులలో కాల్చిరి. మంచిదే. కాని యానాడు బొంబాయి, అహమ్మదాబాదు మిల్లులలో స్వదేశీ వస్త్రమును నేసిన మరలలో ననేకము ఇంగ్లండునుండి ఓడలలో దిగినవియే. బట్ట స్వదేశి, మర విదేశి. చక్రము విరిగిన నాడు స్వదేశీ మిల్లుకూడ సముద్రమువంక చూడవలసియుండెను.

ఇంగ్లండు ఈ రహస్యమును మనకంటె ముందుగ నెరిగెను. నూలు, నార వస్త్రముల పనిముట్లను దేశము వెలుపలికి పంపరాదని 1774 లో శాసనము చేసెను. 1781 లో వాని నమూనాలను, పటములనుగూడ నిషేధించెను. యంత్రముల యెగుమతిపై ఆ దేశము విధించిన కట్టుబాట్లు 1843 వరకు పూర్తిగ తొలగలేదు. శామ్యూల్ స్లేటరను యువకుడు యంత్రముల రూపమును కాగితముపై గాక బుద్ధిలో నుంచుకొని 1789 లో ఓడయెక్కి అమెరికాకు పోయి, అచట నూలుమిల్లు నిలిపెను. ఆంగ్లేయుడు బట్టను లోకమంతట నమ్మెను. బట్టనేయు మరయొక్క పటమును మాత్రము పెట్టెలో దాచెను. ఏది సరకో, ఏది యధికారమో ఆతనికి తెలియును. మనమో, విరిగిన చక్రమును గుజిరీలో పారవేయుటకు ముందు దాని కొలతలనైన వ్రాసికొనము.

గాంధీమహాత్ముడు యంత్రద్వేషి యని తేలికగ చెప్పి తప్పించుకొనువారు కలరు. 1924 లో నీ ప్రశ్న తనకు ఎదురయినపుడు ఆయన కుట్టుమిషనును మినహాయించెను. దానిని చేయుటకు పెద్ద కార్ఖానా కావలెను గదా యని యడుగగా, కావలెననియు, అట్టివి జాతిసొత్తుగ గాని ప్రభుత్వాధీనమున గాని యుండవలెననియు పలికెను. 1929 లో అఖిలభారత చరఖాసంఘము మేలైన రాట్నమును నిర్మించినవారికి లక్షరూపాయల బహుమానమును ప్రకటించెను. దాని షరతులను మన యింజనీర్లందరును ఒకమారు చదువవలెను. వెల 150 రూపాయలు మించరాదు. అది యీ దేశముననే తయారు కావలెను. తగిన మరమ్మతులతో 20 ఏండ్లు నడువవలెను. ఏటేట మార్చవలసిన భాగముల ఖర్చు రాట్నపు వెలలో నూటికి 5 వంతులు మించరాదు. యంత్రము ఎంత వేగముగ తిరుగునని మాత్రమే గాక, విరిగిన నెంతలో బాగగునని యడిగిన షరతు లవి. కోరుట్ల పొరుగుననున్న మెట్‌పల్లి ఖాదీకి మన దేశమున మంచిపేరు కలదు. అచటి రాట్నము విరిగిన ఊరి వడ్రంగి బాగుచేయగలడు. సిరిసిల్ల సాంచా విరిగిన బాగుచేయువాడు ఊరిలోనే యుండవలెనని కోరుట గొంతెమ్మకోరిక యగునా?

ఇక మాకు ప్రత్యుత్తర మిచ్చువారి మాట వినెదము. "పాతసామానును పట్టుకొని వ్రేలాడుటయేల? లోకము కంప్యూటరు మరలతో పరుగెత్తుచున్నది" అని వారందురు. కంప్యూటరు మర గొప్పదే. పది చక్రములు కోయు కాలములో నూరు కోయును. కొలతలో తప్పు తక్కువ. దానిని మేము వలదనము. అరిగిన యంత్రము విద్యుత్తును తినుననియు, పనిని పాడుచేయుననియు మేమెరుగుదుము. పాతబడినదంతయు పూజనీయమను వాదము మాది కాదు. కాని యొక ప్రశ్న. ఆ క్రొత్త మరలో నొక పలక మాడిపోయిన నాడు ఏమి చేయుదురు? దూరదేశపు కంపెనీకి ఫిర్యాదు వ్రాసి, వారి యింజనీరు వచ్చునంతవరకు దానిముందు చేతులు కట్టుకొని కూర్చుందురు. పాత మరను బాగుచేయనేరని యూరు క్రొత్త మరను కొని స్వతంత్రము కాజాలదు. తన యజమానిని మాత్రము మార్చుకొనును.

పాతదానిని మెరుగుపరచుట వృథాయాస మనువారికి ప్రభుత్వమే జవాబిచ్చినది. 2017 లో కేంద్రప్రభుత్వము పవర్‌టెక్స్ ఇండియా పథకమును ప్రారంభించినపుడు, సాదా సాంచాలను తుక్కుచేయక వాని కున్నచోటనే క్రొత్త అమరికలు తగిలించుట కందులో సహాయ మేర్పరచెను. పోగు తెగినవెంటనే ఆగు నేర్పాటు మొదలగునవి ఆ యమరికలలోనివి. అనగా పాత సాంచా శవము కాదని ప్రభుత్వమునకును తెలియును. కాని యమరిక తగిలించుటకు డబ్బిచ్చినవారు, ఆ యమరికలోని చిన్నచక్రము మరునాడు విరిగిన నెవరు చేయుదురని యడుగవలదా? ధన మొసగి చేతిని మరచిన పథకము గుడికట్టి పూజారిని మరచినట్టిది.

మరియొకరు వచ్చి, "ఒక పన్ను విరిగిన దానిపై వెల్డింగు బొట్టుపెట్టి ఆకురాయితో రాచిన చాలును, ఇంత శాస్త్రమేల?" అందురు. వీరును మాకు ప్రతిపక్షులే. బొట్టుపెట్టిన పన్ను వారము నిలుచును. పిదప విరిగి చక్రముల నడుమ పడి పెట్టెనంతయు చెరచును, ఒక్కొక్కపుడు పనివాని వ్రేళ్లను తీసికొనును. అతుకుబొతుకును మనదేశీయుల ప్రతిభయని పొగడు వ్యాసములు పత్రికలలో తరచుగ వచ్చుచున్నవి. అది ప్రతిభ కాదు, గతిలేని తనము. జగిత్యాల మిస్త్రీ అతుకు వేయలేదు. కొలిచెను, లెక్కించెను, సరియైన కట్టరుకొరకు కాచియుండెను. మేము మెచ్చునది ఆ నిష్ఠను.

ఒకనాడు మన చేతికందిన సాధనములను మనమే జారవిడిచితిమి. 1943 లో, యుద్ధపు దినములలో, సికిందరాబాదులో ప్రాగా టూల్స్ కార్ఖానా వెలసెను. యంత్రములకు పనిముట్లు చేయు కార్ఖానా అది. ఆ పేరు చెక్కిన సామానులు నేటికిని అనేక కర్మశాలలలో పనిచేయుచున్నవి. కాలక్రమమున నది నష్టములలో మునిగి హెచ్.ఎం.టి.లో కలిసిపోయెను. మన పొరుగున ముత్యంపేటలోని నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడెను. చెరకు రైతు గోడు వినబడినది; కార్మికుని గోడు వినబడినది; అవి వినవలసినవే. కాని పెద్ద ఫ్యాక్టరీ మూతబడినపుడు దాని మరమ్మతు విద్యయు మూతబడును. అందలి లేతులు, అందలి ఫిట్టర్లు చుట్టుప్రక్కల పది యూళ్లకు చదువులేని కళాశాల వంటివి. ఆ నష్టమునకు నష్టపరిహార మడిగినవా రెవరు?

మేమును ఈ దోషమునకు వెలుపల లేము. ఉద్యమకాలమున కార్యకర్తలమై వాడవాడ తిరిగి, నీళ్లు, నిధులు, నియామకములు అని గొంతులు పగులునట్లు చాటితిమి. 2014 జూన్ 2 న రాష్ట్రము సిద్ధించెను. పనిముట్లు అను నాలుగవమాటను ఆ మూటితో చేర్చవలెనని యానాడు మాకు తోపలేదు. నియామకమనగా సర్కారు కుర్చీ యని మాత్రమే తలచితిమి; కొలతబద్ద పట్టు చేయియు నియామకమేనని తలపలేదు.

న్యాయవాదిగ నొకమాట. "కంపెనీవారి భాగమును మనము చేసికొనిన చట్టము పట్టుకొనదా?" యని కార్ఖానాదారులు మమ్ము భయముతో నడుగుచుందురు. ఈ భయములో నెక్కువభాగము నిరాధారము. మన దేశమున పేటెంటు కాలము 20 ఏండ్లు. అది తీరినపిదప ఆ నిర్మాణము సర్వజనుల సొత్తు. ముప్పది నలువది యేండ్ల యంత్రముల కింక పేటెంటు మాటయే లేదు. 2000 సంవత్సరపు డిజైనుల చట్టము వస్తువుయొక్క రూపశోభను కాపాడునే గాని, కేవల యాంత్రిక సాధనమును డిజైనుగ నెంచదు. పండ్లచక్రపు పన్ను శోభకొరకు వంపుతిరగలేదు; పనికొరకు తిరిగినది. పరుల వ్యాపారచిహ్నమును మాత్రము దానిపై ముద్రింపకుడు. తక్కినదానికి ధైర్యముగ నుండుడు. పాత చక్రమును కోయుటను చట్టము నిషేధింపలేదు. మన యలసత నిషేధించినది.

ఇక చట్టము చేయవలసినది కూడ కలదు. విడిభాగములను, మరమ్మతు సమాచారమును బయటివారికి అందనీయక కట్టడిచేసిరని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషను 14 కారు కంపెనీలపై సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించెను. 2022 లో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కును గూర్చి సంఘమును నియమించి, వ్యవసాయ పరికరములు, మొబైలు ఫోనులు, గృహోపకరణములు, మోటారు వాహనములు అను నాలుగు రంగముల నెన్నుకొనెను. కారుగల వానికి హక్కు కావలెను. ఫోనుగల వానికి హక్కు కావలెను. ఆ నాలుగింటిలో సాంచా యేది? లేతు యేది? మిల్లింగు యంత్రమేది? వినోదము కొరకు కొనిన వస్తువునకు రక్షణ వెదకి, కూడుపెట్టు వస్తువును మరచుట యే న్యాయము?

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది సిరిసిల్లలో నొక సామాన్య కర్మశాల. ఒక మంచి మిల్లింగు యంత్రము, డివైడింగు హెడ్డు, మాడ్యూలు, పిచ్ రెండు జాతుల కట్టర్లు, కొలత సాధనములు, వానిని వాడనేర్చిన యిద్దరు మిస్త్రీలు. కిరాయి చెల్లించి యెవరైన వాడుకొనవచ్చును. చిన్న పరిశ్రమల సమూహములకు ఉమ్మడి సౌకర్యకేంద్రములు కట్టించు కేంద్రపథకము కలదు. అడుగువారు లేక పెట్టుట యాగినచో తప్పు మనది. రెండవది మన ఐ.టి.ఐ.లకు సంబంధించినది. 2024 లో రాష్ట్రప్రభుత్వము 65 ఐ.టి.ఐ.లను ఉన్నత సాంకేతిక కేంద్రములుగ మార్చ పూనుకొనెను. సంతోషమే. విద్యార్థి పరీక్షకొరకు కోసి తుక్కులో వేయు చక్రమునకు బదులు, ఊరి సాంచాకు కావలసిన చక్రమునే కోయించిన నేమి? చదువు చదువగును, చక్రము చక్రమగును. మూడవది, మరమ్మతు హక్కుల జాబితాలో నేతమరలను, కర్మశాల యంత్రములను చేర్చవలెను. ప్రభుత్వధనముతో కొను ప్రతి యంత్రముతోడను దాని విడిభాగముల పటములు ఈయవలెనని కొనుగోలు పత్రమున షరతు వ్రాయవలెను.

నాలుగవదానికి సర్కారు అనుమతి యక్కరలేదు, నిధులు నక్కరలేదు. అది యీ పత్రికను చదువు పఠనమందిరముల వారివలననే కావలసిన పని. 1901 లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినపుడు, చదువుకొనుటకు పుస్తకములు లేనిచోట పుస్తకములను కూర్చిరి. నేడు కొలతలు లేనిచోట కొలతలను కూర్పవలెను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల గ్రంథాలయములలో ఒక్కొక్క బీరువాను దీనికై కేటాయింపుడు. అందొక పుస్తకమున ఏ యూర, ఏ కార్ఖానాలో, ఏ యంత్రము, ఏ సాధనము కలదో వ్రాయుడు. మరియొక దానిలో విరిగిన ప్రతి భాగమునకును పారవేయుటకు ముందు పటము గీయుడు: పండ్లెన్ని, వ్యాస మెంత, రంధ్ర మెంత, మాడ్యూలా, పిచ్చా, ఉక్కా, పోత యినుమా. గీయుట కింజనీరింగు చదువు పిల్లలు మన యిండ్లలోనే యున్నారు. చెప్పుటకు వృద్ధ మిస్త్రీ లున్నారు, వారున్నంతలోనే వ్రాసికొనుడు. ఈ రెండు పుస్తకములును గడచిన వేసవి కుండినచో 41 దినములు మూడు నాలుగు దినములై యుండును. ఆ యువకుడు నేడు సిరిసిల్లలోనే యుండెడివాడేమో.

మా కక్షిదారుని దావా రాజీయైనది. విరిగిన పాతచక్రమును మా కొసగుమని యడిగితిమి. ఆతడు సంతోషముగ నిచ్చెను. మొదటి పటము దానిదే కావలెనని తలచి, కొలతలు వ్రాసిన కాగితముతో కూడ దానిని సిరిసిల్ల గ్రంథాలయమునకు పంపుచున్నాము. 32 పండ్లు, 10 పిచ్, 3.4 అంగుళములు. రెండవ పటమును గీయువారెవరో ముందుకు వత్తురు గాక.